రాబోయే రైళ్ళ బోర్డు

మాచర్ల స్టేషన్ బయట అబ్దుల్ మజీద్ టీ కొట్టు. దాన్ని ఆనుకునే రేకుల కాలేషా కొట్టు. చమురు బుడ్లు, గరాటాలు చేయడం, కారే బిందెలకు మాటు వేయడం కాలేషా చేతి పని. నోటి పని వేరే ఉంది, దానికి శుక్రవారం సెలవు కూడా లేదు.

యుద్ధం మొదలయ్యే ముందు ఎక్కడ సంపాదించాడో గాని మంచి మందపాటి రేకు ఒకటి తెచ్చి, దానికి తెల్లరంగు వేయించి, దానిమీద ఎర్ర అక్షరాలు రాయించి కొట్టు నెత్తిన వేలాడదీశాడు. రెండు గజాల బోర్డు. "కాలేషా బొమ్మ రైళ్ళ కార్ఖానా. త్వరలో! మాచర్ల మెయిలు, ఉగాదికి. నల్ల గూడ్సు, పీర్ల పండక్కి. పిల్లల పాసింజరు, కోటప్పకొండ తిరునాళ్ళకి." ఏ ఉగాదికో, ఏ తిరునాళ్ళకో మాత్రం రాయించలేదు. యుద్ధం వచ్చింది, పోయింది. యుద్ధానికి పోయిన వాళ్ళు కొందరు తిరిగి కూడా వచ్చారు. ఆరేళ్ళయినా కాలేషా రైలు ఒక్కటీ రాలేదు. కొత్త రైలు ఎప్పుడని అడిగినవాడికల్లా ఒక కొత్త కథ వచ్చేది. మాకు టీతోపాటు అది ఉచితం.

ఆ మధ్యాహ్నం అడగడానికి వచ్చింది మార్తమ్మ. ఆమెకు అది ఆటలో మాట కాదు. దసరాలకు ఆమె కొడుకు మరియదాసు స్టేషన్లో పెట్టెలు తగిలిస్తూ రెండింటి నడుమ ఇరుక్కున్నాడు. గుంటూరు ఆసుపత్రిలో కాలు తీసేయాలన్నారు. కాలు నిలబడితే, ఆ కాలితోనే నా కొడుకు నడిచి వచ్చి నీకు రేకు రైలు సమర్పిస్తాడని రెంటచింతల మరియమాతకు మొక్కుకుంది. కళ్ళు బాగైనవాళ్ళు రేకు కళ్ళు ఇస్తారు, బిడ్డ పుట్టినవాళ్ళు రేకు ఉయ్యాల ఇస్తారు, మరి రైలు పెట్టెల నడుమ నలిగినవాడు రైలే కదా ఇవ్వాలి. కాలు నిలబడింది. కుంటుతాడు గాని నడుస్తాడు. తెల్లవారితే మాత పండగ. ఊళ్ళో రేకు దొరకదని రెండు కిరసనాయిలు డబ్బాలు ఆమే తెచ్చి కాలేషాకిచ్చింది. నాలుగు సార్లు వచ్చి అడిగింది. ఇది అయిదోసారి. చంకలో ఖాళీ వెదురు బుట్ట, బుట్టలో ఉతికిన తెల్లగుడ్డ.

"రైలు అయిందా తమ్ముడా?" అంది.

"అయిందా ఏంది అక్కా? అయి చానా దూరం పోయింది. అదే చెప్పొచ్చేది. మజీదూ, అక్కకి టీ పొయ్యి. పంచదార ఉంటే పంచదార, లేకపోతే బెల్లం, అదీ లేకపోతే నా మాటలున్నయ్. ఇంటన్నావా అక్కా? రైలు చెయ్యడమంటే గరాటా చెయ్యడం అనుకుంటన్నారు మీరంతా. ముందు కొలత కావాల. కొలత లేకుండా చేస్తే అది రైలు కాదు, చక్రాలున్న చుట్టల పెట్టె. అందుకని ఏం చేశా? నూలుదారం ఉండ ఒకటి తీసుకుని పొద్దున పాసింజరు దగ్గరికి పోయా. ఇంజను కింద దూరి ఎల్లకిలా పడుకుని చక్రం చుట్టూ దారం తిప్పుతన్నా. డ్రైవరు తొంగిచూసి ఏందయ్యా అది అన్నాడు. కదిలియ్యబాక, కొలత తప్పుద్ది అన్నా. కదిలియ్యలా. పావుగంట నిలబెట్టాడు."

"అది రోజూ నిలబడేదే గదా బాబాయ్" అన్నాడు అంతోని. పట్టాల గ్యాంగులో పని అతనికి, మరియదాసు ఈడువాడు. టీ తాగను వచ్చి మార్తమ్మను చూసి కూర్చుండిపోయాడు.

"రోజూ ఊరికే నిలబడుద్ది. ఆ రోజు నా కోసం నిలబడింది. తేడా లేదంట్రా? సరే, కొలత వచ్చింది. రేకు అక్కే ఇచ్చింది, ఏనుగు బొమ్మ అచ్చుపోసిన డబ్బాలు, రాజా లాంటి రేకు. రేకుంటే సరిపోద్దా? అతకాల. అతకాలంటే సీసం కావాల. సీసమంతా యాడుంది? తుపాకీ గుండ్లలో ఉంది. యుద్ధం అయిపోయిందని మనకందరికీ చెప్పారు గాని సీసానికి ఎవరూ చెప్పలా, అది ఇంకా తిరిగి రాలా. గుంటూరు పోయి అడిగితే పర్మిట్టు అన్నారు. పర్మిట్టు అడిగితే దరఖాస్తు అన్నారు. దరఖాస్తు రాద్దామంటే కాయితం లేదు, దానికీ పర్మిట్టే. ఇంకెవడైనా అయితే కొట్టు మూసుకుని ఇంటికాడ పడుకునేవాడు. నేను పడుకున్నానా? నల్లమల అంచుకి పోయా. ఆడ వేటగాళ్ళు కొట్టి గురి తప్పిన గుండ్లన్నీ చెట్లలో దిగబడి ఉన్నయ్. ఒక్కోటీ పీక్కుంటా వచ్చా. ఒక్క తుమ్మచెట్టులోనే వీశెడు సీసం."

"అన్ని తప్పేవాళ్ళు వేటకెందుకు పోతారు భాయ్?" అన్నాడు మజీద్ టీ వడపోస్తూ.

"మాంసానికి అనుకున్నావా? ఇంట్లో పోరు పడలేక పోతారు. దానికి గురితో పనేముంది?"

మార్తమ్మ టీ అందుకుంది గాని తాగలేదు. "పెట్టెలెన్ని పెట్టావు?" అంది.

"ఇంజనూ, దాని వెనక మూడు పెట్టెలూ. మొత్తం మూరెడు బండి."

"డబ్బా మీది ఏనుగు ఏ పెట్టె మీదకొచ్చింది?"

"మూడో పెట్టె మీదకి. దర్జాగా నిలబడి, తొండమెత్తి, ఇంజను దిక్కే చూస్తా ఉంటది. జమీందారు గేటు ముందు ఏనుక్కి కూడా అంత ఠీవి లేదు."

"ఊఁ" అంది మార్తమ్మ.

"ఇక ఆడనించి వినాల మీరు. బొమ్మ రైలంటే ముందు తాడు కట్టి పిల్లోడు లాక్కుపోయేది. కాలేషా కార్ఖానాలో అట్టాంటి పని జరగదు. నేను ఆవిరి పెట్టా. ఇంజను కడుపులో ఉగ్గుగిన్నెడు నీళ్ళు, దాని కింద ఆముదం వత్తి. వత్తి అంటించి ఇట్టా రెండు చిటికెలేసే లోపల కూత పెట్టింది. కూతంటే కూతా అది! ప్లాట్‌ఫారం మీద నిద్రపోతన్న జనమంతా దిగ్గున లేచి మూటలు నెత్తిన పెట్టుకున్నారు. స్టేషన్ మాస్టరు చొక్కా గుండీలు పెట్టుకుంటా పరిగెత్తుకొచ్చాడు. ఇరవై ఏళ్ళ నౌకరీలో ఆయన గుండీలు పెట్టుకోడం అదే మొదలు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? నేను పట్టుకునే లోపల కొట్లోంచి దూకి, ఇదిగో ఈ మజీదు పొయ్యి చుట్టూ ఒక తిరుగుడు తిరిగి..."

"నా పొయ్యి చుట్టూనా? నేను చూడలేదే?"

"నువ్వు నమాజుకి పోయావు. నమాజు వదిలిపెట్టి రైలు చూస్తావా, పాపం గదూ? పొయ్యి చుట్టూ తిరిగి, రోడ్డు దాటి, స్టేషన్లోకి పోయి, పట్టా ఎక్కింది."

అంతోని గ్లాసు దించాడు. "ఆగు బాబాయ్. పట్టాల మధ్య గజం పైన ఎడం. నీ బండి జానెడు వెడల్పు. ఎట్టా ఎక్కింది?"

"ఒక పట్టా మీదే ఎక్కింది. సైకిలు పోవట్లా? దానికి రెండు రోడ్లు కావాలా?"

"ఆ పట్టాలు నేను రోజూ సుత్తితో కొట్టుకుంటా నడుస్తా. నా కళ్ళ బడలేదే?"

"నువ్వు కుడి పట్టా కొడతన్నావు, అది ఎడమ పట్టా మీద పోయింది. ఇంకా నయం, నీ సుత్తి కింద పడలా. పడితే ఏమయ్యేది? సుత్తి విరిగేది. అట్టా పోయి రెంటచింతల్లో ఆగింది."

మార్తమ్మ తల ఎత్తింది. "రెంటచింతల్లో ఆగిందా?"

"ఆగకేం అక్కా! నిమిషం ఆగింది. ఆడ మాస్టరు లైను క్లియరు ఇచ్చే పెద్ద వెదురు చక్రం తెచ్చి దాని మెడలో వేశాడు. చక్రం ముందా, బండి ముందా అని చూసినోళ్ళకి అర్థం కాలా."

"ఆడనే దింపేస్తే అయిపోయేదిగా. మాత గుడి ఆడనే ఉంది. నా కొడుక్కి అంత దూరం మొయ్యాల్సిన పని తప్పేది."

కాలేషా తలపాగా ఒకసారి సర్దుకున్నాడు.

"దిగమంటే దిగుద్దా? ఊపు మీదుంది. ఊపు మీదున్నదాన్ని ఆపితే ఇంజను మనసు విరిగిపోద్ది, అది ఈ పనిలో ఉన్నోళ్ళకే తెలుసు. గురజాల పోయింది. ఆడ కోర్టు ప్లీడర్లు నలుగురు ఎక్కారు."

"మూరెడు బండిలో?" అన్నాం అందరం.

"ప్లీడర్లు ఎంత చిన్న సందున్నా దూరతారు, మీకు తెలవదా? నల్లకోట్లు పట్టక బయట వేలాడేశారు, అంతే. నడికూడి దాటాక మిట్టెక్కే చోట గూడ్సు ఒకటి ఆగిపోయి ఉంది. నలభై పెట్టెలు, నిండా సున్నపురాయి. దాని పెద్ద ఇంజను గసబోస్తా, చెమటలు కక్కతా నిలబడింది. డ్రైవరు బొగ్గు మీద కూచుని ఏడస్తన్నాడు. నా బండి వెనకనించి పోయి ముక్కుతో ఇట్టా ఒక్క నెట్టు నెట్టింది. మెల్లగా కదిలింది. ఇంకో నెట్టు. అంతే, గుంటూరు దాకా నెట్టుకుంటానే పోయింది! సున్నం గుంటూరు ముందుగా చేరిందని ఈ ఏడు ఊరంతా రెండుసార్లు వెల్లేసుకున్నారు."

"నువ్వెక్కడున్నావు బాబాయ్ ఇదంతా జరిగేటప్పుడు?"

"వెనకాల పరిగెత్తతన్నా. సొంత బండిని వదిలేస్తానా? గుంటూరులో అందలా. తెనాల్లో అందలా. మద్రాసు దాకా పరిగెత్తా."

"మద్రాసు దాకానా?"

"నమ్మకపోతే నా చెప్పులు చూడు" అని కాలు బెంచీ మీదకి ఎత్తాడు. దుమ్ము కొట్టుకున్న ఒట్టి పాదం.

"నీకు చెప్పులెక్కడున్నయ్ భాయ్?" అన్నాడు మజీద్.

"అరిగిపోయినయ్ అనే గదా చెప్పేది!"

అంతోని పొలమారి టీ అంతా చొక్కా మీద పోసుకున్నాడు. మేం పడీ పడీ నవ్వాం. నవ్వేకొద్దీ కాలేషాకి ఊపు. లేచి నిలబడ్డాడు. తలపాగా విప్పి మళ్ళీ చుట్టుకున్నాడు. అంటే మద్రాసుతో ఆగదన్నమాట.

"మద్రాసులో రైళ్ళకంతా పెద్ద దొర ఉంటాడు. వందమంది ఇంజనీర్లని పిలిపించాడు. నా బండిని పట్టుబట్ట మీద పెట్టి, భూతద్దాలు పెట్టి, మూడు రోజులు చూశారు. మాటు ఎక్కడేశానో ఒక్కడికి కనపడితే ఒట్టు. ఆఖరికి దొర టోపీ తీసి చంకలో పెట్టుకుని, కాలేషా, మా పెద్ద రైలు చూసి నువ్వు చిన్నది చేశావనుకున్నామయ్యా, తప్పు, ఇన్నాళ్ళూ నీ రైలు ఎట్టా ఉంటదో తెలవక మేమే వంకర టింకరగా పెద్దవి చేస్తన్నాం, ఇకనించి నీదే నమూనా అన్నాడు. అని దాన్ని వాళ్ళ దొరల సీమలో చూపియ్యాలని ఓడెక్కించాడు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఓడ రేవు దాటకుండానే ఇసకలో దిగబడింది. కప్తాను నెత్తీ నోరూ కొట్టుకుంటన్నాడు. నా బండి ఊరుకుంటదా? సముద్రంలో పట్టాలేవి అంటావురా అంతోనీ, నువ్వు అంటావని నాకు తెలుసు. అలలు లేవూ? పట్టాల కింద చెక్కల మాదిరి వరసన పేర్చినట్టు లేవూ? దూకి, నడుముకి తాడు కట్టుకుని, ఓడనే లాక్కుంటా సీమకి పోయింది! నిన్న తంతి వచ్చింది. నాలుగొందల రైళ్ళు కావాలంట. ఇదక్కా సంగతి. నీ బండి ఇప్పుడు సీమలో ఉంది. అందుకే ఆలస్యం. వచ్చే ఉగాదికి దానికన్నా పెద్దది, అయిదు పెట్టెలది..."

మేం ఇంకా నవ్వుతూనే ఉన్నాం. మార్తమ్మ నవ్వలేదు. చల్లారిపోయిన టీ గ్లాసు బెంచీ మీద పెట్టింది.

"సీమలో చేమంతులు పూస్తయ్యా తమ్ముడా?"

"చేమంతులేంది అక్కా?"

"నేను చూసినప్పుడు దాని మెడలో చేమంతి దండుంది. ముందు రెండు ఊదుబత్తులు వెలుగుతన్నయ్. ఏనుగు ఇంజను దిక్కేం చూట్లా. తలకిందులుగా ఉంది, కాళ్ళు నాలుగూ పైకి. ఊరవతల దర్గాలో, సమాధి పక్కన గూట్లో ఉంది నా రైలు. నెలయింది."

మజీద్ పొయ్యి ఊదడం మానేశాడు.

కాలేషా మెల్లగా బెంచీ మీద కూలబడ్డాడు. కూర్చున్నవాడు మనిషి సగమే కనపడ్డాడు.

"ఆ రోజు పొద్దున్నే పూర్తయిందక్కా. గుడ్డలో చుట్టుకుని మీ ఇంటికే బయల్దేరా. సందు మలుపులో మంత్రసాని హన్నమ్మ ఎదురొచ్చింది. మా జరీనాకి రెండో రోజు నొప్పులు. బిడ్డ అడ్డం తిరిగింది, తల్లో బిడ్డో నా చేతిలో లేదు, పైవాడికి చెప్పుకో అంది. నా కాళ్ళు మీ ఇంటి దిక్కు రాలా. దర్గా దిక్కు పోయినయ్. నా కూతుర్ని నాకియ్యి అని అడగను పోయినోణ్ణి ఒట్టిచేతులతో ఎట్టా అడుగుతా? చేతిలో ఏముంది? అదే ఉంది. ఆరేళ్ళలో నేను చేసిన ఒకే ఒక్క రైలు. పెట్టేశా."

అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మనవరాలు పుట్టిందని ఆ నెలలో అతను ఊరంతా బెల్లం పంచాడు. ఆ బెల్లం మేమూ తిన్నాం.

"తెలుసు" అంది మార్తమ్మ. "ఆ సాయంత్రమే నేనూ పోయా ఆడికి. హన్నమ్మ నాకూ చెప్పింది. జరీనా నా చేతుల మీద పెరిగిన పిల్ల. మాతకి చెప్పుకున్నా. మీ దర్గా ఆయనకి కూడా ఒక మాట చెబుదామని పావుశేరు చక్కెర పట్టుకుని పోయా. గూట్లో చూస్తే నా ఏనుగు తలకిందులుగా నవ్వతంది."

"చూసీ ఏమనలేదేందక్కా?"

"ఏమనాల? నా మరియదాసు కాలికి నేను మొక్కా, నీ బిడ్డ ప్రాణానికి నువ్వు మొక్కావు. ఒకరికిచ్చింది వెనక్కి లాక్కొస్తారా ఎవరన్నా?"

"మరి నాలుగు తడవలు వచ్చి రైలేదని అడిగావు."

"చెప్తావేమోనని అడిగా. అక్కా, నా బిడ్డ కోసం నీ రైలు ఇచ్చేశా అని ఒక్కమాట. దానికి నేను నీ పీక పిసికేదాన్నా? ఇంకో రెండు డబ్బాలు ఎతికి తెచ్చేదాన్ని. ఆ ఒక్కమాట చెప్పలేక సీమ దాకా తోలావు గదరా!"

కాలేషా తలపాగా కొసతో ముఖం తుడుచుకున్నాడు. "సిగ్గయిందక్కా. చేసింది ఒకటి, అదీ పరాయిది ఎత్తుకుపోయి ఇచ్చానని ఎట్టా చెప్పను? ఇంకోటి చేసి నీ చేతిలో పెట్టి అప్పుడు చెబుదామనుకున్నా. నెల నుంచి తిరగతన్నా. గురజాల పోయా, పిడుగురాళ్ళ పోయా. చారెడు రేకు దొరికితే ఒట్టు. ఇప్పుడు తెల్లారితే పండగ, నేనెక్కణ్ణించి తెచ్చేది రేకు?"

"తలెత్తు" అంది మార్తమ్మ.

కాలేషా తలెత్తాడు. మేమూ ఎత్తాం. ఆరేళ్ళ నుంచి దాని కింద కూర్చుని టీ తాగుతున్నాం గాని అది రేకని మాలో ఒక్కరికీ తట్టలేదు. రెండు గజాల బోర్డు మధ్యాహ్నం ఎండలో నిగనిగలాడుతూ వేలాడుతోంది.

"అదా?" అన్నాడు కాలేషా. "అది కోసేస్తే ఇంక నా రైళ్ళు లేవన్నట్టేగా అక్కా."

"ఇప్పుడున్నయ్యా?"

అతను బోర్డుకేసి చూశాడు. పెదాలు కదులుతున్నాయి, మెయిలు, గూడ్సు, పాసింజరు అని ఆఖరిసారి చదువుకుంటున్నట్టున్నాడు. తర్వాత లేచి మజీద్ బెంచీ లాగాడు. అంతోని బెంచీ పట్టుకున్నాడు. కాలేషా ఎక్కి, తుప్పు పట్టిన తీగలు తెంపి, బోర్డు దించి అరుగు మీద పడుకోబెట్టాడు.

"సీసం ఉందా భాయ్? తుమ్మచెట్టులో వీశెడు పీక్కొచ్చావుగా" అన్నాడు మజీద్.

"ఉందిలే చిటికెడు. నోరు మూసుకుని పొయ్యి ఊదు. మాటు వేసే కర్ర కాల్చాల."

రేకు కత్తెర పట్టాడు. నోటికి రాని నిదానం చేతికి ఉంది. ఇంజను కోశాడు, గుండ్రంగా వంచాడు, మాటు వేశాడు. సాయంత్రం పాసింజరు రెండు గంటల ఆలస్యంగా వచ్చి, ఆ సంగతి ఎవరూ పట్టించుకోకపోతే చిన్నబోయి పోయింది. పొద్దుగూకేసరికి ఇంజను, రెండు పెట్టెలు అయ్యాయి. చక్రాలు అతికాడు. వేలితో తిప్పాడు. ఒకటి తిరిగింది, మూడు తిరగలేదు.

"తిరగట్లేదక్కా" అన్నాడు.

"తిరగక్కర్లా. నిలబడితే చాలు. నువ్వు తోలిన దూరం చాలు దానికి."

మూడో పెట్టెకు రేకు కోయబోతూ ఆగాడు. తెల్లరంగు మీద ఎర్ర అక్షరాలు. గోటితో గీకి చూశాడు.

"ఈ రంగంతా గీకి, నున్నగా తోమి ఇస్తానక్కా. మాత ముందు పెట్టేది, రాతలుంటే బాగోదు."

మార్తమ్మ బుట్టలో తెల్లగుడ్డ సర్దుకుంటూ అంది.

"గీకబాక. త్వరలో అని రాయించావే, ఆ ముక్క పైకి కనపడేట్టు పెట్టు. నువ్వు చెప్పినవాటిల్లో ఒకటన్నా వచ్చిందని మాత కూడా కళ్ళారా చూసుకోవాల."